ఆగని బండి

మా చెల్లి స్పోర్ట్స్ కారు కొన్న రోజున నేను బాగానే నవ్వాను. ఫొటోలో కూడా నవ్వుతూనే పడ్డాను. ఇంటికొచ్చి ఆ ఫొటోని పెద్దది చేసి చూసుకుంటే నవ్వుతున్నవి పళ్లు మాత్రమేనని తెలిసింది. కళ్లు మాత్రం కారు మీదే ఉండిపోయాయి.

నిమ్మపండు రంగు. రెండే సీట్లు. దాని తలుపుకి పిడి పైకి కనపడదు. తాళం జేబులో వేసుకుని దగ్గరికెళ్తే లోపల్నుంచి అదే బయటికొస్తుంది. మా చెల్లి పళ్ల డాక్టరు. పదేళ్లుగా వంగి వంగి ఊళ్లో వాళ్ల నోళ్లలోకి చూసి నడుము నొప్పి తెచ్చుకున్నాను, ఈ ఒక్క సరదా తీర్చుకుంటానంది. తీర్చుకోనీ, నాకేం? కానీ నేను డ్రైవింగ్ నేర్పే మనిషిని. పన్నెండేళ్లుగా నా బతుకంతా కార్లోనే గడుస్తోంది. మా ఇంట్లో కార్ల గురించి ఎవరైనా గొప్పలు పోవాలంటే అది నేను పోవాలి. అలాంటిది, రివర్స్ గేరు పడలేదని నా పక్కన కూర్చుని రెండుసార్లు ఏడ్చిన పిల్ల, ఆ కారు దిగుతుంటే వీధి వీధంతా నోరు తెరిచి చూసింది. నాకు కళ్లు కుట్టాయి. ఇందులో దాచుకోవడానికేం లేదు.

కారు ఒక్కటే అయితే నాలుగు రోజులు కుళ్లుకుని ఊరుకునేదాన్ని. ఆ రెండో సీట్లో నాన్న కూర్చున్నాడు. అక్కడ మండింది నాకు.

నాన్న మా ఇంట్లోనే ఉంటాడు. అమ్మ పోయి ఆరేళ్లు, ఆ ఆరేళ్లూ నా దగ్గరే. ముప్పై ఏళ్లు లిఫ్టులు బాగుచేసిన మనిషి చివరికి లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తుకి చేరాడు. మోకాళ్లు పట్టేసి, ప్రతి మలుపు దగ్గరా ఆగి, "ఇక్కడో లిఫ్టు పెట్టడానికి జాగా ఉంది తెలుసా" అని గోడని తట్టి చూస్తుంటాడు. ఆ వేసవి మొదట్లోనే చెల్లి అంది, "నాన్నా, నా దగ్గరికొచ్చెయ్. ఒక్క మెట్టు కూడా ఎక్కనక్కర్లేదు. వెనక గది ఖాళీగానే ఉంది."

"చూద్దాంలే. వానలు పడేలోపు చెప్తాను," అన్నాడు నాన్న.

వద్దు అనలేదు. చూద్దాం అన్నాడు. ఆ మాట విన్నప్పట్నుంచీ నా గుండెల్లో రాయి పడ్డట్టే ఉంది. పైగా ఇప్పుడు ఈ కారు. ప్రతి ఆదివారం పొద్దున్నే కింద హారన్ మోగేది, నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, మోకాళ్ల సంగతే మరిచిపోయినట్టు మెట్లు దిగిపోయేవాడు.

నా కారులో నాన్న ఎప్పుడూ వెనక సీట్లోనే. దానికో కారణముంది. డ్రైవింగ్ స్కూలు కారు కదా, పక్కసీటు ముందు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాళ్లు స్టీరింగు పట్టుకుంటే, నేను పక్కన కూర్చుని కాళ్లతో వాళ్ల ప్రాణాలూ నా ప్రాణాలూ కాపాడుతుంటాను. నాలుగేళ్ల కిందట ఒకసారి నాన్నని ఆ సీట్లో కూర్చోబెట్టుకుని నేనే నడుపుతుంటే, ఎదురుగా బస్సు కనపడగానే ఆయన టక్కున బ్రేకు తొక్కాడు. వెనకవాడు వచ్చి గుద్దాడు. ఆ రోజు అరిచాను, "ఇంకెప్పుడూ ముందు కూర్చోకు నాన్నా." కూర్చోలేదు. ఆసుపత్రికైనా, బ్యాంకుకైనా, నా పాఠాల మధ్యలోనే ఆయన్ని దింపేదాన్ని. ముందు ఎవరో ఒకరు చెమటలు కక్కుతూ గేరు మారుస్తుంటే, వెనక నాన్న గొడుగు ఒళ్లో పెట్టుకుని కిక్కురుమనకుండా కూర్చునేవాడు.

రెండో ఆదివారం చెల్లి ఫోన్ చేసింది.

"అక్కా, ఆగిపోయింది."

"ఏది?"

"కారే. సిగ్నల్ దగ్గర నిలబడితే చచ్చినట్టు ఆగిపోయింది. తెర మీద ఏదో పసుపు బొమ్మ వెలుగుతోంది. నాన్న నాతోనే ఉన్నాడు. నువ్వొస్తావా?"

ఇలా చెప్పుకోవడం బాగుండదు గాని, నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయన తన కళ్లద్దాల షాపుకి బయల్దేరుతూ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏంటి, చెప్పులు అంత హుషారుగా వేసుకుంటున్నావ్?"

"చెల్లి కారు ఆగిపోయిందట, పాపం."

"ఆ పాపం అనేటప్పుడైనా కాస్త మొహం మార్చుకో," అన్నాడు.

నేను వెళ్లేసరికి కారు మళ్లీ స్టార్ట్ అయింది. నలభై నిమిషాలు చల్లారితే చాలట, ఏమీ జరగనట్టు కూనిరాగం తీస్తూ లేస్తుంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే తంతు. రద్దీలో నెమ్మదిగా పోతే వేడెక్కి ఆగడం, నలభై నిమిషాలు అలగడం, తర్వాత లేవడం. మధ్య రోజుల్లో వేరే వేషాలు. ఒక రోజు తలుపు పిడి లోపలే ఉండిపోయింది. చెల్లి తన పనిముట్లు తెచ్చి పన్ను పీకినట్టు పీకబోయింది, అయినా రాలేదు. ఇంకో రోజు తెర నల్లబడి, ఎంత వేగంతో పోతోందో తెలియకుండానే క్లినిక్కి చేరింది. సర్వీస్ సెంటర్ వాళ్లేమో ప్రతిసారీ కంప్యూటర్ తగిలించి చూసి, "ఏ లోపమూ కనపడట్లేదు మేడం" అని కడిగి పంపేవాళ్లు. కడగడం మాత్రం బ్రహ్మాండంగా కడిగేవాళ్లు.

ఈ కబుర్లన్నీ నేను నా దగ్గర నేర్చుకునేవాళ్లందరికీ చెప్పాను. ఒక నర్సుకైతే పిడి కథ రెండుసార్లు చెప్పాను. "మీ బండి ఎప్పుడూ ఆగదా మేడం?" అని ఆవిడ అడిగితే డాష్‌బోర్డు తట్టి, "పన్నెండేళ్లు. తనంతట తాను ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి ఆగలేదు," అన్నాను. ఆ మాట అంటుంటే కడుపు నిండినట్టుండేది.

నాన్న కూడా ఆ కారుతో విసిగిపోతాడని నా లెక్క. ఎర్రటి ఎండలో రోడ్డు పక్కన ఎన్ని ఆదివారాలు నిలబడతాడు? "నాకీ పరుగుపందెం కారూ వద్దు, నీ ఇల్లూ వద్దు" అంటాడని ఎదురుచూశాను. అనలేదు. ఆదివారం వస్తే చాలు, తెల్లారకుండానే గడ్డం గీసుకుంటున్నాడు.

అయిదోసారి ఫోన్ వచ్చినప్పుడు నేను ఆ దగ్గర్లోనే ఉన్నాను. మూసేసిన టైర్ల షాపు ముందు నిమ్మపండు కారు బానెట్టు ఎత్తి ఉంది. నా కారు వీధికి అవతల ఆపి నడిచి వెళ్లాను. వాళ్లిద్దరూ షాపు పక్కనున్న పిట్టగోడ మీద, నీడలో, నాకు వీపు పెట్టి కూర్చున్నారు. మధ్యలో వేరుశనక్కాయల పొట్లం. చెల్లి కాళ్లు ఊపుతోంది. నాన్న రెండు చేతులూ పైకీ కిందికీ ఆడిస్తూ ఏదో చెప్తున్నాడు. ఇంట్లో అన్నం దగ్గర నాలుగు మాటలు మాట్లాడని మనిషి.

"రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్యలో ఇరుక్కుపోయింది లిఫ్టు. లోపల ఒక్కతే ఉంది. టెలిఫోన్ ఆపరేటరు, కొత్తగా చేరింది. నేను పైనుంచి మూత తీసి చూశాను. తలుపు దగ్గర స్విచ్చు పక్కకి జరిగింది, అంతే. అయిదు నిమిషాల పని."

"మరి?"

"మరేముంది. కిందనుంచి 'ఎంతసేపు పడుతుందండీ' అంది. గొంతు విన్నాను. 'ఓ నలభై నిమిషాలు పట్టొచ్చండీ' అన్నాను."

"నాన్నా!"

"స్విచ్చు ముట్టుకోకుండా అలాగే కూర్చుని మాట్లాడాను. ఏ ఊరు, ఎంతమంది అన్నదమ్ములు, అన్నీ అడిగాను. తీరా బాగుచేసి కిందికి దింపాక, ఏమందో తెలుసా మీ అమ్మ? 'స్విచ్చు జరిగితే ఇంతసేపు పడుతుందా?' అంది. దానికి ముందే తెలుసు."

చెల్లి పగలబడి నవ్వింది. నవ్వుతూ వెనక్కి తిరిగి నన్ను చూసింది. "అక్కా, విన్నావా? అమ్మా నాన్నల కథ!"

"నాకెప్పుడూ చెప్పలేదే," అన్నాను.

నాన్న వేరుశనగ పొట్టు ఊదుకుంటూ, "నీ బండి ఎప్పుడూ ఆగలేదు కదే పెద్దదానా," అన్నాడు.

ముగ్గురం నవ్వాం. నేను కూడా ఫొటోలో నవ్వినట్టే నవ్వాను. తర్వాత వాళ్లిద్దరూ వాళ్ల కారులో, నేను నా కారులో ఇంటికి బయల్దేరాం. దారంతా నాకు ఒకటే మంట. మా అమ్మ లిఫ్టులో నుంచి ఏమందో చెల్లికి తెలుసు. ఇంకా ఏమేం తెలుసో! అయిదు ఆదివారాలు, అయిదు నలభై నిమిషాలు. ఆరేళ్లుగా మందులు, కళ్లజోడు, వేణ్ణీళ్లు అన్నీ నేను చూస్తే, మాటలన్నీ మూటగట్టి దానికిచ్చాడు.

ఆ సోమవారం చెల్లి కారుని మళ్లీ సర్వీస్ సెంటర్‌లో వదిలిపెడితే, ఈసారి మాట్లాడడానికి నేనే వెళ్లాను.

"ఈ కారు ఇవాళ బాగవ్వాలి," అన్నాను.

టై కట్టుకున్న అబ్బాయొకడు నవ్వుతూ వచ్చాడు. "లోపం కనపడితే కదా మేడం బాగుచేసేది. మేం హైవే మీద వంద దాటించి చూశాం. వెన్నలా పోతోంది."

"హైవే మీద వెన్నలాగే పోతుంది. నాతో రా. నా పాఠం దారిలో తిప్పుతాను."

ఆ కారు స్టీరింగు పట్టుకోవడం నాకదే మొదటిసారి. అబ్బా! అంత కసి మీద ఉన్నా ఒక్క నిమిషం ఒళ్లు ఝల్లుమంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. టై అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, మొదటి రోజు వచ్చినవాళ్లని తిప్పే దారిలో తిప్పాను. మార్కెట్టు వీధి, మొదటి గేరు. ఆగడం, కదలడం. మైదానంలో డబ్బాల చుట్టూ ఎనిమిది అంకె. ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించడం. పరిగెత్తడానికి పుట్టిన బండిని ముసలి ఎద్దులా నడిపించాను. ఇరవయ్యో నిమిషంలో ఆ ఎత్తు మీదే ప్రాణం విడిచింది. పసుపు బొమ్మ వెలిగింది. ఏసీ ఆగింది. టై అబ్బాయి టై వదులు చేసుకున్నాడు.

"ఇప్పుడు కనపడిందా బాబూ లోపం?"

"కనపడింది మేడం."

"నలభై నిమిషాలు కూర్చోవాలి. కూర్చుందాం."

మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ లేకపోయింది.

వేడికి పెట్రోలు పంపు మొరాయిస్తోందట. కొత్తది తెప్పించి వేశారు, తలుపు పిడీ తెరా కూడా మార్చారు. చెల్లి మా ఇంటికి పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. "నెలన్నరగా నాకు చుక్కలు చూపించిన వాళ్లని ఒక్క పూటలో దారికి తెచ్చావక్కా!" మా ఆయన కూడా, "అక్కంటే అలా ఉండాలి," అన్నాడు, కాస్త ఆశ్చర్యంగానే. నేను తల దించుకుని పళ్లేలు తుడిచాను. అందరూ నా మంచితనాన్ని పొగుడుతుంటే, ఎందుకు చేశానో నాకు తెలుసు కాబట్టి, ఒళ్లంతా తేళ్లూ జెర్రులూ పాకినట్టుంది.

తర్వాతి ఆదివారం కారు ఆగలేదు. ఆ పై ఆదివారమూ ఆగలేదు. రయ్యిమని వెళ్లి, చుట్టూ తిరిగి, గంటలో వచ్చేశారు. "ఎలా జరిగింది?" అని అడిగితే, "బాగానే. తొందరగా అయిపోయింది," అన్నాడు నాన్న. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి పడుకున్నాడు. నేను గెలిచాననుకున్నాను. సాయంత్రం టీ ఇస్తే మాట్లాడకుండా తాగాడు. ఏమైనా చెప్తాడేమోనని ఎదురుగా కూర్చున్నాను. కప్పు నా చేతికిచ్చి, "ఈసారి మబ్బులు తొందరగానే పట్టేలా ఉన్నాయి," అన్నాడు, అంతే.

ఆ వారమే మెట్ల మలుపు దగ్గర కూర్చుండిపోయాడు. లేపడానికి నేనూ మా ఆయనా ఇద్దరం కావాల్సొచ్చింది. పైకొచ్చాక ఆయాసం తీర్చుకుని చెప్పాడు, "చిన్నదాని దగ్గరికి పోతానే. ఈ మోకాళ్లు ఇంక నీ మెట్లు ఎక్కనంటున్నాయి."

తెలిసిందే. అయినా నోరు ఆగలేదు.

"మెట్ల గురించే అయితే నేనేం అననుగా నాన్నా. నీకు అదంటేనే ఇష్టం. దానికి అన్నీ చెప్తావు. నాకేం చెప్పావు ఆరేళ్లలో? టీలో చక్కెర ఎక్కువైందని చెప్పావు."

"అలా అంటావేంటి..."

"ఆ కారు బాగుచేయించింది మంచితనంతో అనుకుంటున్నారు అందరూ. కాదు. మీరిద్దరూ ఇంకెక్కడా ఆగకూడదని చేయించాను. ఓర్వలేక చేయించాను. చాలా?"

మా ఆయన మెల్లగా బాల్కనీలోకి వెళ్లిపోయాడు. నాన్న నావైపు చూసి, కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. నేను వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

శుక్రవారం పాఠాలన్నీ మానుకుని నాన్నని దింపడానికి బయల్దేరాను. నిమ్మపండు కారులో సామాను పట్టదు మరి. వెనక సీటంతా నిండిపోయింది. పరుపు, టేబుల్ ఫ్యాను, పనిముట్ల పెట్టె, అమ్మ ఫొటో. నాన్నకి ముందు సీటు తప్ప దారి లేదు.

"పెడళ్ల మీద కాళ్లు పెట్టకు నాన్నా," అన్నాను, బెల్టు బిగిస్తూ.

"పెట్టనులే."

చెల్లి ఇల్లు పావుగంట దూరం. ఆకాశం నల్లగా దిగింది, వీధుల్లో దుమ్ము లేచింది. నేను నేర్పే రోడ్డు మర్యాదలన్నీ పాటిస్తూ, అద్దాలు చూసుకుంటూ, సిగ్నళ్లు ఇచ్చుకుంటూ నడిపాను. ఊరు దాటాక కాలవ పక్కన ఖాళీ రోడ్డు వచ్చింది. దాని చివర్నించి రెండు మలుపులు తిరిగితే చెల్లి గేటు. వేగం తగ్గించి మొదటి మలుపుకి సిద్ధమయ్యాను.

నాన్న ఒకసారి మెడ తిప్పి వెనక్కి చూశాడు. వెనక బండ్లేమీ లేవు.

కారు ఎగిరిపడి, ఒక్క కుదుపు కుదిపి, ఆగిపోయింది. క్లచ్చు తొక్కకుండా బ్రేకు తొక్కితే అలాగే ఆగుతుంది. నా దగ్గర చేరిన ప్రతివాళ్లూ మొదటి రోజు చేసే పనే. నేను కిందికి చూశాను. నాన్న చెప్పు బ్రేకు మీద ఉంది. నేను చూస్తున్నానని తెలిసి కూడా తియ్యలేదు.

"ఆగిపోయిందే," అన్నాడు, కిటికీలోంచి కాలవ వైపు చూస్తూ.

"ఊఁ," అన్నాను.

"పన్నెండేళ్ల బండి. వేడెక్కినట్టుంది. కాసేపు చల్లారనివ్వాలి."

"ఎంతసేపు పడుతుంది?"

"ఓ నలభై నిమిషాలు పట్టొచ్చు."

నాన్న కాలు తీశాక కారుని రోడ్డు పక్కకి దొర్లించాను. నాలుగు చినుకులు అద్దం మీద పడ్డాయి. ఫోన్ మోగింది. చెల్లి.

"ఎక్కడున్నారక్కా? గది సర్దేశాను, వాన వచ్చేలా ఉంది."

"బండి ఆగిపోయింది."

"నీ బండా?"

"నా బండే."

"నేను రానా?"

"వద్దులే. నాన్న చూస్తున్నాడు," అని పెట్టేశాను.

నాన్న సీటు వెనక్కి వాల్చుకుని, మోకాళ్లు చాపుకుని, గొంతు సవరించుకున్నాడు. "నువ్వు పుట్టిన రోజున నేనెక్కడ ఇరుక్కుపోయానో తెలుసా?"

"ఇది చెల్లికి చెప్పావా?"

"దానికెందుకు? ఇది నీ సంగతి."

నేను బండి తాళం తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"చెప్పు," అన్నాను.